నీ బొత్తాల మీద నక్షత్రాలు

కరుణా,

బాగున్నావా అని మొదలుపెట్టడం అలవాటు కదా. చెయ్యి దానంతటదే రాసేసింది, కొట్టెయ్యలేదు. నువ్వు వెళ్ళిపోయి నిన్నటికి పదకొండు నెలలు. వచ్చే నెలలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకోవాలని చర్చి అయ్యగారు గుర్తు చేశారు. సరేనండి అన్నాను. ఈ మధ్య ఎవరేమన్నా సరేనండి అనే అంటున్నాను. అలా అయితే తొందరగా వెళ్ళిపోతారు.

గోదారికి ఎర్రనీరు వచ్చేసింది. నిన్న మొదటి హెచ్చరిక ఇచ్చారు. ముప్ఫై రెండేళ్ళలో ఈ రోజుల్లో నేను ఇంట్లో ఉన్నదెప్పుడు? బ్యారేజీ గేట్ల దగ్గర రెయిన్‌కోటు తగిలించుకుని నిలబడేవాణ్ని. నువ్వు క్యారేజీ పంపించేదానివి, మజ్జిగ సీసాతో సహా. ఇప్పుడు రిటైరైపోయి, అదే బ్యారేజీకి కూతవేటు దూరంలో కూర్చుని, వరద ఎంతొచ్చిందో టీవీలో చూస్తున్నాను. ఆ టీవీ కుర్రాడు గేట్ల సంగతి తప్పు చెబుతుంటే దిద్దడానికి కూడా ఓపిక లేదు.

అసలు సంగతి చెప్పకుండా వరద గురించి రాస్తున్నాను... చూశావా?

ఒక తప్పు చేశాను కరుణా. నీ ఆకుపచ్చ బొత్తాలు పోయాయి. అన్నీ కాదు, చాలావరకు. నువ్వు నాకు అప్పగించి వెళ్ళింది అదొక్కటే. అదొక్కటీ నిలబెట్టలేకపోయాను. నువ్వుంటే ఏమనేదానివి? కళ్ళజోడు పైకి తోసుకుని చేపల ట్యాంకు ముందు వంగి చూసేదానివేమో.

మొదట్నించీ చెబుతాను. నీకు తెలిసినవి కూడా చెబుతాను, విసుక్కోకు. వరసగా చెప్పుకుంటే గాని నాకే దారి దొరకదు.

ముందు గదిలో ఉప్పునీళ్ళ అక్వేరియం పెడతానని నువ్వన్నప్పుడు నేనెంత రాద్ధాంతం చేశానో గుర్తుందా? బతుకంతా మంచినీళ్ళ కొలువు చేసినవాణ్ని. గోదారి నీళ్ళు ఊరికే సముద్రంలో కలిసిపోకుండా ఆపి కాలువల్లోకి మళ్ళించడమే మా పని. నువ్వేమో ఆ నీళ్ళనే ఫిల్టరు పట్టి, ఉప్పుపొడి ప్యాకెట్టు కొని తెచ్చి అందులో కలిపేదానివి. బకెట్టులో గరిటె తిప్పుతుంటే నాకు ఒళ్ళు మండేది. "మీరు గోదారిని సముద్రంలోకి వదులుతారు, నేను సముద్రాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటాను. మనిద్దరిదీ ఒకటే డిపార్టుమెంటండీ" అని నవ్వేదానివి. స్కూల్లో పిల్లలకి బయాలజీ చెప్పి చెప్పి అలిసిపోయి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా ఆ అద్దం ముందు కుర్చీ వేసుకునేదానివి.

ఆ బొత్తాలు తెచ్చిన రోజు మాత్రం నేను గొడవ చెయ్యలేదు. చేసే స్థితిలో లేను.

నీ రిపోర్టుల కోసం కాకినాడ వెళ్ళిన రోజది. ఆసుపత్రి బయటికొచ్చి, రోడ్డు మీద ఏ వైపు నడవాలో తెలియక నేను నిలబడిపోతే, నువ్వే ఆటో పిలిచి మూర్తిగారి అక్వేరియం షాపుకి పోనిమ్మన్నావు. అక్కడ నిమ్మకాయంత రాయి తీసుకున్నావు. దాని మీద మూడంటే మూడు, ఆకుపచ్చగా, చొక్కా బొత్తాలంత ఉన్నాయి, చుట్టూ సన్నటి కుచ్చు. పగడాల జాతేనట, కానీ మెత్తనివట. సముద్రంలోంచి పీకింది కాదు కదా, మీ ట్యాంకులో పెంచిందే కదా అని మూర్తిగారిని రెండుసార్లు అడిగి మరీ తీసుకున్నావు. తిరుగు బస్సులో ఆ నీళ్ళ కవరు నీ ఒళ్ళో, రిపోర్టుల కవరు నా ఒళ్ళో. నేను కిటికీ వైపు తిరిగి ఏడుస్తుంటే నా భుజం తట్టి, "ఇవి మొక్కలు కావండీ, జంతువులు. మధ్యలో నోరుంది, చూడండి" అన్నావు.

చూశాను. నిజంగానే నోరుంది.

రెండేళ్ళలో ఆ మూడూ వంద దాటాయి. రాయి కనపడకుండా కమ్మేశాయి. పొద్దున్నే లైటు వెలిగితే ఒక్కొక్కటీ మెల్లగా విచ్చుకునేవి. నువ్వు లేవలేని రోజులొచ్చాక నీ మంచం ముందు గదిలోకి జరిపాం. తల పక్కకి తిప్పితే కనపడాలన్నావు. ఒకరోజు అటే చూస్తూ, "చేపలు పోతే పోయాయి. బొత్తాలు మాత్రం చూసుకోండి" అన్నావు. అలాగే అన్నాను. అప్పట్లో నువ్వేమడిగినా అలాగే అన్నాను. తగ్గిపోతుందిగా అని అడిగినా అలాగే అన్నాను.

నీ నోటుబుక్కు కూడా ఇచ్చావు. స్కూలు లాంగ్‌నోటు. అట్ట మీద ట్యాంకు సంగతులు అని పేరు. ఉప్పు ఎంత ఉండాలి, నీళ్ళు ఎప్పుడు మార్చాలి, కరెంటు పోతే బ్యాటరీ పంపు ఎలా పెట్టాలి, అన్నీ నాలాంటి మొద్దుకి అర్థమయ్యేలా రాశావు. మొదటి ముప్ఫై పేజీలూ నాకు నోటికొచ్చేశాయి. ఆ తర్వాత నీ రాత మారిపోయింది. అక్షరాలు గీత మీద నిలబడలేదు. బోర్డు మీద అంత చక్కగా రాసిన చెయ్యి అలా వణికి రాసిన పేజీలు... తెరిచాను, చూశాను, మూసేశాను. అంతకు ముందే అన్నీ చెప్పేశావు కదా, వీటిల్లో కొత్తగా ఏముంటుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

తప్పు అక్కడే మొదలైంది. కానీ దాని ఫలితం కనపడటం మొదలైంది డిసెంబరులో.

పోయిన డిసెంబరులో మనింటికి స్టారు కట్టలేదు. మనిషి పోయిన ఇంట్లో ఆ ఏడాది కట్టం కదా. వీధిలో మనవాళ్ళ గుమ్మాలన్నిటికీ కాగితం నక్షత్రాలు వెలుగుతున్నాయి, మన వరండా ఒక్కటీ బోసిగా ఉంది. వెదురు పుల్లలు కట్టి, ఎర్ర కాగితం అతికించి నువ్వు చేసిన స్టారు అటక మీదే ఉండిపోయింది. దాని వైపు చూడకుండా తిరగడం అలవాటు చేసుకున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం మీ స్త్రీల సమాజం వాళ్ళు ఆదరణ చెప్పడానికి వచ్చారు. ప్రార్థనయ్యాక టీ ఇచ్చాను. నేనే కాచాను, పంచదార ఎక్కువైంది, అయినా బాగుందనే అన్నారు. అయ్యగారి భార్య, మన అమ్మగారు, గ్లాసు పట్టుకుని ట్యాంకు దాకా వెళ్ళి ఉన్నట్టుండి ఆగిపోయారు. అద్దానికి లోపలివైపు, సరిగ్గా నీ బొత్తాల రాయికి పైన, చిన్న తెల్లటి నక్షత్రం అతుక్కుని ఉంది. నా చిటికెనవేలి గోరంత. దానికి ప్రాణముంది, కాస్త కాస్త జరుగుతోంది కూడా. గుమ్మానికి కట్టలేదని మన టీచరుగారే లోపల కట్టేసుకున్నారండీ అన్నారావిడ. అందరూ పమిటతో కళ్ళు తుడుచుకున్నారు.

నేనూ తుడుచుకున్నాను.

నమ్మానా? ఏమో. నువ్వుంటే నమ్మనిచ్చేదానివా? ఇలాంటివి ఎవరైనా అంటే వెంటనే పుస్తకం తీసుకొచ్చి పేజీ చూపించేదానివి. కానీ ఆ రోజుల్లో నాకు కావలసిన మాట అదొక్కటే, ఆవిడ తెచ్చి చేతిలో పెట్టారు. వద్దనడానికి నాకు మనసొప్పలేదు.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే లేచి దాన్ని వెతకడమే నా పని. ఎక్కడున్నావు కరుణా అని పైకే అనేవాణ్ని. దొరికితే ఆ రోజు అన్నం సయించేది. క్రిస్మసుకి మూడయ్యాయి. కొత్త సంవత్సరం ఆరాధన నుంచి వచ్చి చూస్తే ఏడు. అద్దానికి పాకుడు పట్టినా గీకలేదు, వాటికి తగులుతుందని. కొన్నిటికి ఐదు చేతులు లేవు, ఆరున్నాయి. ఒకదానికి మూడు చేతులు పొడుగు, రెండు పొట్టి. అవిటిది పాపం అని దాన్ని ఇంకాస్త ముద్దు చేశాను. నవ్వకు... సరే, నవ్వుకో.

ఫిబ్రవరి దాటింది. ఈస్టరుకి ముందు లెంటు ఉపవాసాలు మొదలయ్యేసరికి బొత్తాలు సరిగా విచ్చుకోవడం మానేశాయి. లైటు వెలిగి గంట గడిచినా సగం ముడుచుకునే ఉండేవి. ఉప్పు తగ్గిందేమోనని కొలిచాను. ఎండ ముదురుతోంది కదా, నీళ్ళు వేడెక్కాయేమోనని ఫ్యాను పెట్టాను. వారానికోసారి మార్చాల్సిన నీళ్ళు మూడుసార్లు మార్చాను. బకెట్లు మోసి నడుము పట్టేసింది. మూర్తిగారికి ఫోను చేస్తే, రాయి మీద ఏమైనా పాకుతున్నాయేమో చూడండి సార్ అన్నారు. అబ్బే, ఏమీ లేవండి అన్నాను.

అబద్ధం చెప్పలేదు కరుణా. అవి నా లెక్కలో పాకేవి కావు. అర్థమవుతోందా?

"ముందు చూడండి. చేతులు తర్వాత పెడుదురుగాని." మైక్రోస్కోపు దగ్గర పిల్లలకి చెప్పినట్టే నాకూ చెప్పేదానివి. మూడు నెలలు రోజూ చూశాను. ఏం చూశానో మరి.

ఈస్టరుకి మన షారోను వైజాగు నుంచి వచ్చింది. హాస్పిటల్లో ఎవరితోనో డ్యూటీ మార్చుకుని మరీ వచ్చింది. తెల్లవారుజామున ఇద్దరం నీ సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించాం. కొత్తగా సున్నం వేయించాను, తెల్లగా బాగుంది. మన చుట్టుపక్కల సమాధుల దగ్గరంతా జనం, పిల్లలు, పూలు. అది నా చెయ్యి పట్టుకునే నిలబడింది. నీ పోలికే, ఏడుపొస్తే ముక్కు ఎర్రబడుతుంది గాని నీళ్ళు రావు.

ఇంటికొచ్చి ఇడ్లీ ప్లేటు పట్టుకుని ట్యాంకు ముందు కూర్చుంది. కూర్చున్నది తినడం ఆపేసింది. బొత్తాల రాయి సగం బోడిగా ఉంది. ఆ బోడిచోటే మూడు నక్షత్రాలు అతుక్కుని ఉన్నాయి. అది ఫోనుతో ఫొటో తీసి, ఏదో వెతికి, నా దగ్గరికి తెచ్చి చూపించింది. ఇవి చీడ నాన్నా, వీటిల్లో చాలావరకు పాకుడు తిని బతుకుతాయట గాని ఇవి బొత్తాల్ని తినే రకంలా ఉన్నాయి, ఇప్పుడే తీసేద్దాం అంది. వంటింట్లోంచి గిన్నె కూడా తెచ్చేసింది.

నేను గిన్నె లాక్కున్నాను. అరిచాను. అమ్మని ఒకసారి తీసేశాం, చాలదా అన్నాను.

అది తెల్లబోయి నిలబడింది. ఇరవై ఎనిమిదేళ్ళలో దాని మీద నేను గొంతు పెంచింది లేదు, నీకు తెలుసు. కోప్పడే పనంతా నీ మీద పెట్టి నేను మంచివాణ్నైపోయాను. మర్నాడు వెళ్ళాల్సిన పిల్ల ఆ మధ్యాహ్నమే బస్సెక్కేసింది. నీకోసం వండిన కోడికూర ఎవరూ ముట్టుకోలేదు నాన్నా, ఫ్రిజ్‌లో పెట్టాను అని మాత్రం గుమ్మంలో చెప్పింది. ఆ తర్వాత ఫోన్లు తగ్గిపోయాయి. తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా... అంతే.

అది వెళ్ళిపోయిందే గాని, దాని మాట వెళ్ళలేదు. ఒక పొద్దున్న ఒక నక్షత్రం కదలకుండా ఒకే బొత్తాం మీద కూర్చుని ఉంది. నీళ్ళలో చెయ్యి పెట్టి వేలితో కాస్త జరిపాను. కింద బొత్తాం లేదు. తెల్లటి మచ్చ ఉంది.

అప్పుడు నాకొచ్చిన కోపం ఎవరి మీదో చెప్పలేను. నా మీదే కావచ్చు, అమ్మగారి మీదే కావచ్చు, నీ మీద కూడా కావచ్చు. గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి అద్దమంతా గీకేశాను. రాయి మీద కూడా గీకాను. ముక్కలు ముక్కలై నీళ్ళలో తేలాయి, పంపు వాటిని ట్యాంకంతా తిప్పింది. చేతులు తుడుచుకుని, పీడా వదిలిందనుకుని పడుకున్నాను.

నెల తిరిగేసరికి ఎక్కడ చూసినా అవే. మూలల్లో, పంపు మీద, ఇసకలో, చివరికి థర్మామీటరు మీద కూడా. ఎన్నని చెప్పను? మూర్తిగారు పాపం కాకినాడ నుంచి వచ్చి చూశారు. బ్లేడు సంగతి చెబితే తల పట్టుకున్నారు. మధ్య భాగం కాస్త అంటుకుని ఉంటే చాలండి, తెగిన ముక్క మళ్ళీ నక్షత్రమైపోతుంది, మీరు చంపలేదు సార్, నాట్లేశారు అన్నారు. ఉప్పాడ మనిషి, ఆయన తాతముత్తాతలు సముద్రం మీద బతికారు. ఆయన మాట తప్పవుతుందా?

రంగురంగుల రొయ్య ఒకటుందట. ఈ నక్షత్రాలు తప్ప ఇంకేమీ తినదట. తెప్పించమంటారా అని అడిగారు. చుట్టూ ఇన్ని రొయ్యల చెరువులు పెట్టుకుని, ఎక్కడి నుంచో ఒక రొయ్యని తెప్పించుకోవాలా అన్నాను. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించలేదు. మధ్యలో ఒకసారి వీటన్నిటినీ బాక్సులో పెట్టి బ్యారేజీ కింద వదిలేస్తే బతికి సముద్రానికి పోతాయి కదా అనిపించింది. చంపక్కర్లేదు కదా అని. ముప్ఫై రెండేళ్ళు అక్కడే నిలబడినవాణ్ని, అక్కడ ఉప్పు చుక్క ఉండదని నాకు తెలియదా? మనసుకి అలాంటి పిచ్చి ఆలోచనలే వస్తున్నాయి.

జులై వచ్చేసరికి బొత్తాలు పదకొండు మిగిలాయి. వందలో పదకొండు. నేను అలిసిపోయాను కరుణా. పొద్దున్న లేవాలంటే భయం, ఇవాళ ఎన్ని పోయాయో చూడాలి కదా అని. ఒకరోజు మూర్తిగారికి ఫోను చేసి, ట్యాంకు మొత్తం తీసుకెళ్ళిపోండి, నాకేమీ వద్దు అన్నాను. సరే సార్, గురువారం వస్తాను అన్నారు.

బుధవారం సాయంత్రం అన్నీ సర్దాను. ఉప్పు డబ్బా, వల, గొట్టాలు, మీటరు. నోటుబుక్కు కూడా ఆయనకే ఇచ్చేద్దామనుకున్నాను, ఆయనకైతే పనికొస్తుంది. ఇచ్చేముందు చివరి పేజీల్లో మనింటి మాటలేమైనా ఉన్నాయేమో చూడాలి కదా. పరాయివాళ్ళు చదవకూడనివి ఉంటే చింపుకుందామని... అందుకు తెరిచాను. నీకోసం కాదు. నీకోసమైతే ఇంకో ఏడాదైనా తెరిచేవాణ్ని కాదు.

వంకర గీతల్లో ఉంది. ఒక్కో మాట కూడబలుక్కుని చదివాను.

"చిన్న స్టార్‌ఫిష్ రాయి వెనక కనపడింది. తీసేశాను. రాయితోపాటే వచ్చి ఉంటాయి. ఇంకా ఉంటాయి."

"కొయ్యకూడదు. నలపకూడదు. ఫోర్సెప్స్‌తో మొత్తంగా తీసి మంచినీళ్ళలో వెయ్యాలి. మంచినీళ్ళకి అవి ఆగవు."

"లైటు వెలగకముందు అద్దం మీదికొస్తాయి. అప్పుడు ఏరాలి."

"వాటిని తినే రొయ్యని తేవద్దు. ఇవి అయిపోయాక అది ఆకలితో చస్తుంది."

"ఈయన చూస్తే తియ్యరు. బాగున్నాయంటారు. షారోనుకి చెప్పాలి."

ఆ కింద కొంత జాగా వదిలి, ఇంకా వంకరగా, "పూర్తిగా పోవు. రోజూ కాసేపు ఏరుకోవాలి. అంతే."

ముందు నవ్వొచ్చింది. ఈయన చూస్తే తియ్యరు, బాగున్నాయంటారు... ఎంత సరిగ్గా పట్టావు! నువ్వు పోయాక నేనేం చేస్తానో నువ్వు ఉండగానే రాసిపెట్టుకున్నావు. ఆ తర్వాత నవ్వు రాలేదు. మంచం మీంచి లేవలేనిదానివి, నేను కూరగాయలకో మందులకో వెళ్ళినప్పుడు గోడ పట్టుకుని ఆ ట్యాంకు దాకా నడిచి వీటిని ఏరావన్నమాట. నాకు చెప్పలేదు. చెబితే నిన్ను లేవనివ్వననా?

అవి నువ్వు పంపినవి కావు. నువ్వు తీసేసినవి.

షారోనుకి చెప్పాలని రాశావు. చెప్పే రోజు నీకు మిగల్లేదు. చెప్పకుండానే అది వచ్చింది కరుణా, నువ్వు అనుకున్న పనే చెయ్యడానికి గిన్నె పట్టుకుని వచ్చింది. నేను దాన్ని తరిమేశాను.

అప్పటికప్పుడు ఫోను చేశాను. డ్యూటీలో ఉంది, ఏమైంది నాన్నా అని కంగారుపడింది. ఏమీ కాలేదమ్మా అని ఆ పేజీ చదివి వినిపించాను. షారోనుకి చెప్పాలి అన్న మాట రెండుసార్లు చదివాను. అమ్మ రాత ఫొటో తీసి పెట్టు నాన్నా అంది. పెట్టాను. తప్పు నాదేనమ్మా అన్నాను. ఫోర్సెప్స్ కుట్టుమిషను సొరుగులో ఉంటాయి, చూడు అంది. అంతే అంది. అది కూడా నీలాగే, క్షమించేశానని నోటితో చెప్పదు, పని చెబుతుంది.

మూర్తిగారిని రావద్దన్నాను. నాకు తెలుసండి అని నవ్వారు. ఆయనకేం తెలుసో నేనడగలేదు.

ఇప్పుడు రోజూ ఐదింటికి లేస్తున్నాను. నీ స్కూలు ల్యాబు ఫోర్సెప్స్ సొరుగులోనే ఉన్నాయి, కుట్టు దారం చుట్టుకుని. ఒక స్టీలు గ్లాసులో కుళాయి నీళ్ళు పట్టి ట్యాంకు పక్కన పెట్టుకుంటాను. మొదటి రోజు పొడుగు చేతులు మూడు, పొట్టివి రెండు ఉన్న ఆ అవిటిదే దొరికింది, చూడు. దాన్ని గ్లాసులో వేసి, వంటింట్లోకి వెళ్ళిపోయాను. చూడలేకపోయాను. నీళ్ళల్లోంచి ఒక చిన్న పురుగును తీసినందుకు అరగంట ఏడ్చాను, ఎవరికైనా చెబితే ఏమంటారు?

ఇప్పుడు అంత లేదు. ఒక్కో రోజు ఇరవై దొరుకుతాయి, ఒక్కో రోజు నాలుగు. ఒకరోజు ఒక్కటీ కనపడకపోతే పండగ చేసుకున్నాను, మర్నాడు తొమ్మిది దొరికాయి. నడుము వంగి వంగి నొప్పెడుతోంది. కళ్ళు లాగుతాయి. అయినా ఒక మాట చెప్పనా? మొత్తానికి నా డిపార్టుమెంటు నీళ్ళు నీ ట్యాంకుకి పనికొచ్చాయి. గోదారి నీళ్ళు ఒక గ్లాసుడు చాలు వాటికి. నువ్వుంటే ఈ మాటకి ఎంత నవ్వేదానివో.

అమ్మగారు చర్చిలో కనపడినప్పుడల్లా, మన టీచరుగారి నక్షత్రాలు ఎలా ఉన్నాయండీ అని అడుగుతున్నారు. ఉన్నాయండి అంటున్నాను. అబద్ధం కాదుగా. ఆవిడతో నిజం చెప్పాలంటే చాలా చెప్పాలి, ఇంకో రోజు చెబుతాను.

బొత్తాలు పదకొండు నుంచి తొమ్మిదికి పడిపోయాయి. అక్కడ ఆగాయి. మూడు వారాలుగా తొమ్మిదే. నిన్న పొద్దున్న రాయి అంచున గుండుసూది తలంత ఏదో కనపడింది. మురికేమో అనుకున్నాను. నీ భూతద్దం తెచ్చి చూశాను. ఆకుపచ్చగా ఉంది. కుచ్చింకా రాలేదు. నోరుందో లేదో తెలియలేదు. పదోది అని రాయడానికి భయంగా ఉంది. రేపు కూడా ఉంటే అప్పుడు షారోనుకి చెబుతాను.

కూడికకి అది నాలుగు రోజుల ముందే వస్తానంది. నీకిష్టమని ఆత్రేయపురం పూతరేకులు చెప్పమంది, చెప్పాను. ఈసారి కోడికూర ఎవరు తిన్నా తినకపోయినా నేను తింటాను.

ఈ డిసెంబరుకి ఏడాది దాటిపోతుంది కాబట్టి అటక మీంచి నీ ఎర్ర స్టారు దింపుతాను. పుల్లలు ఒకటి రెండు విరిగి ఉంటాయి, కట్టుకుంటాను. కాగితం షారోను అతికిస్తానంది. గుమ్మానికి కడతాను, వీధి చివరికి కనపడేలా. నక్షత్రం ఉండాల్సింది అక్కడే. లోపలివి ఏరేస్తాను.

పూర్తిగా పోవని నువ్వే రాశావు. పోకపోతే పోనీ... ఐదింటికి లేచి, రోజూ కాసేపు ఏరుకుంటాను.

ఉంటాను.

నీ ప్రభాకరం